మా తాతయ్య ‘కాదండీ’ అన్న రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పేపరు చదివే పని నాది. మా తాతయ్యకి కళ్ళు మసకబారాక, పొద్దున్నే నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని పై నుంచి కింది దాకా చదివించుకునేవారు. దారిన పోయేవాళ్ళు కూడా వచ్చి కూర్చునేవారు. ఢిల్లీలో మంత్రి మారినా, నూనె ధర పెరిగినా, ముందు మా అరుగు మీద తీర్పు అయిపోవాల్సిందే. రాజకీయాల మీద నాకింత నోరెక్కడిదని మా పిల్లలు ఇప్పుడు వేళాకోళం చేస్తారు గానీ, అది ఆ అరుగు పెట్టిన నోరే.

ఒకరోజు ఆ పేపర్లో మా ఊరి పేరు కనబడింది. సంబరంగా గొంతెత్తి చదవడం మొదలుపెట్టాను. ‘కొబ్బరి కేంద్రం ఎత్తివేతకు రైతుల ఆమోదం’ అని పెద్ద అక్షరాలు. కింద, మంచి నిర్ణయమని చెప్పిన రైతుగా మా తాతయ్య పేరు. చదువుతూ చదువుతూ నా గొంతు తగ్గిపోయింది. అరుగు మీదున్నవాళ్ళు ఒక్కొక్కరే పంచె దులుపుకుని లేచిపోయారు.

మా ఊళ్ళో ఎండు కొబ్బరి కొనడానికి ప్రభుత్వ కేంద్రం ఒకటుండేది. అది కాక ఒక షావుకారు కొట్టు. కేంద్రం ఉందన్న జంకుతో షావుకారు ధర మరీ దిగ్గొట్టేవారు కాదు. అది కాస్తా పోతే ఆయన నోట్లోంచి వచ్చిందే ధర. మాలాంటి చిన్న తోటల వాళ్ళకి ఏడాది పొడుగునా పొయ్యి వెలిగేది ఆ కొబ్బరి మీదే. నన్ను అమలాపురం హైస్కూల్లో చేర్పించాలన్నా దాని మీదే. అలాంటి కేంద్రాన్ని తీసెయ్యమని మా తాతయ్యే చెప్పారని పేపరు రాసేసరికి, ఊరివాళ్ళు మా ఇంటి వైపు చూసే చూపు మారిపోయింది. పాలు పోసే ఆవిడ కూడా గుమ్మంలో నిలబడి, “తవరే అలాగంటే మేవేం అనాలండీ” అని వెళ్ళిపోయింది.

“నేనెప్పుడన్నానర్రా ఆ మాట” అని తాతయ్య లబలబలాడిపోయారు. జరిగిందేమిటంటే, అంతకుముందు రాజధాని నుంచి ఒక ఆఫీసరుగారు, వెంట ఒక విలేఖరి మా ఇంటికొచ్చారు. బొండాలు కొట్టించి ఇచ్చాం. కేంద్రం ఎత్తేస్తే వ్యాపారం స్వేచ్ఛగా సాగుతుందని, పోటీ పెరిగి ధర దానంతటదే పైకొస్తుందని ఆయన చెప్పుకుపోతుంటే, తాతయ్య మాట మాటకీ “ఆయ్” అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళూ “ఆయ్” అన్నారు. మా వైపు ఆ మాటకి చాలాసార్లు ‘వింటున్నానండి, చెప్పండి’ అనే అర్థం. ఊ కొట్టడమన్నమాట. పైగా మన ఇంటికొచ్చి మన బొండం తాగుతున్న మనిషిని మొహం మీద కాదనడం మాకు చేతకాదు. ఆ విలేఖరి ఏ ఊరివాడో గానీ, ప్రతి ఆయ్‌నీ ఒప్పుకోలు కింద రాసేసుకుని పోయాడు.

మా పక్కింట్లో టీచరమ్మగారు ఉండేవారు. మిషన్ బళ్ళో చదువుకుని, ఆ బళ్ళోనే పాఠాలు చెప్పేవారు. రెండు పేపర్లు తెప్పించుకుని, ఒకదాంట్లో ఉన్నది రెండోదాంట్లో ఎందుకు లేదో వెతకడం ఆవిడకి సరదా. “ఎవర్నడిగి రాసేవయ్యా నువ్వు” అని పేపరునే నిలదీసేవారు. ఆ గొంతు గోడ అవతల నుంచి మాకు వినబడేది.

ఆ సాయంత్రం ఆవిడ మా అరుగు మీదకొచ్చి కూర్చున్నారు. తాతయ్య దిగులుగా ఆకూ వక్కా నముల్తున్నారు. వాన సంగతీ వాళ్ళ బడి సంగతీ నెమ్మదిగా చెబుతూ, అదే గొంతుతో, “మీ తోటలో కాలవ పక్క చెట్లు కొట్టించేసి, మేం చేపల చెరువు తవ్వుకుంటామండీ, బాబాయిగారూ” అన్నారు.

“ఆయ్” అన్నారు తాతయ్య.

“మీ గేదెని కూడా మా పాకలోకి తోలేసుకుంటామండీ.”

“ఆయ్.”

నాకు నవ్వాగలేదు. ఆ నవ్వుకి తాతయ్య ఉలిక్కిపడి, “గేదెనేం చేస్తానన్నావు టీచరమ్మా?” అని అడిగారు.

“మీరు ఒప్పేసుకున్నారు కదండీ. ఆఫీసరుగారికీ ఇలాగే ఒప్పుకున్నారు. ఆ విలేఖరి కుర్రాడు లేనిది రాయలేదండీ, మనమిచ్చిందే పట్టుకెళ్ళేడు” అన్నారావిడ.

తాతయ్య లేచి వెళ్ళి వక్క ఊసి వచ్చారు. “పెద్దమనిషిని మొహం మీద కాదంటే ఏం బావుంటుందమ్మా” అన్నారు.

“కాదని కూడా మర్యాదగానే అనొచ్చండీ. వెనకాల అండీ తగిలించండి, సరిపోద్ది” అన్నారు టీచరమ్మగారు.

ఇక మా అరుగు బడైపోయింది. ఊరందరి అభిప్రాయం విని ఖాయం చెయ్యడానికి ఆఫీసరుగారు మళ్ళీ వస్తున్నారని తెలిసి, నేను ఆఫీసరునయ్యాను. పేపరు చుట్టి మైకులా పట్టుకుని ఉపన్యాసమిస్తుంటే, పెద్దవాళ్ళంతా ఆయ్ మింగుకుని కూర్చోవాలి. అబ్బే, అదెంత కష్టమో చూడాలి. అలవాటైన నోళ్ళు కదా, మధ్యలో ఎవరో ఒకరు “ఆయ్” అని జారేవారు, మిగతావాళ్ళు వాళ్ళ మీద పడేవారు.

పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. ఆఫీసరుగారు మొదలుపెట్టారు. కేంద్రం ఎత్తేస్తే పోటీ పెరుగుతుందన్నారు, ఆగారు. ఒక్క ఆయ్ లేదు. ధర పెరుగుతుందన్నారు, ఆగారు. గాలికి షామియానా కొట్టుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. పాపం ఆయన మైకు పోయిందనుకుని వేలితో తట్టి చూసుకున్నారు.

అప్పుడు మా తాతయ్య లేచారు. కండువా సర్దుకుని, చేతులు జోడించి, “కాదండీ” అన్నారు.

“పోటీ అంటే ఇద్దరుండాలి కదండీ. తవరు కేంద్రం తీసేస్తే షావుకారుగారొక్కరే మిగుల్తారు. ఒక్కరే ఎవరితో పోటీ పడతారండీ?”

వెనక నుంచి పాలావిడ “కాదండీ” అంది. ఆ పైన ఇటు నుంచీ అటు నుంచీ, ఎంతో మర్యాదగా, కాదండీ, కాదండీ అని షామియానా అంతా మోగిపోయింది. టీచరమ్మగారు, ఈసారీ ఆఫీసరుగారి వెంట వచ్చిన ఆ విలేఖరి పక్కకెళ్ళి నిలబడి, “ఇది కూడా రాసుకోండి బాబూ” అన్నారు. మర్నాడు పేపర్లో ‘కొబ్బరి కేంద్రం ఉండాల్సిందే: రైతులు’ అని వచ్చింది. నేను అరుగెక్కి నిలబడి చదివాను, వీధి చివరికి వినబడేలా. కేంద్రం మా ఊళ్ళోనే ఉండిపోయింది. నేను అమలాపురం హైస్కూల్లో చేరాను.

అప్పటినుంచీ పేపర్లో గానీ టీవీలో గానీ ప్రజలు స్వాగతించారని వస్తే, ఎవర్నడిగారు, ఏమని అడిగారు అన్నది చూడందే నాకు తోచదు. మొన్నామధ్య ఒక కుర్రాడు ఫోను పట్టుకుని మా ఇంటికి సర్వేకొచ్చాడు. ఏదో కొత్త విధానం మీద మా అభిప్రాయం కావాలట. బాగుందా, చాలా బాగుందా అని అడిగాడు. నాకు బాగోలేదండీ అన్నాను. “అది ఇందులో లేదు మామ్మగారూ” అన్నాడు. ఎందుకు లేదో కనుక్కోమని వాళ్ళ ఆఫీసుకి ఫోను చేయించాను. చూస్తామండీ అన్నారెవరో పెద్దాయన. చూడ్డం కాదు బాబూ, చేర్చండి, ఈ అబ్బాయి అంతదాకా ఇక్కడే భోంచేస్తాడు అన్నాను. పప్పుచారు వడ్డిస్తుండగా ఆ అబ్బాయి ఫోను మోగింది. అందులో సర్వే తెరిచి చూస్తే, మూడో ప్రశ్న కింద ‘బాగోలేదు’ అని కొత్తగా వచ్చింది. దాని మీద నా వేలితో నేనే నొక్కాను.