సొంత ఫోను, షాపు బేరం

తెనాలిలో మా బట్టల షాపులో పట్టుచీరలు చూపించే ఫర్జానాది రేపల్లె. రోజూ పొద్దున రైలెక్కి వస్తుంది. ఇంట్లో తనూ, వాళ్ళమ్మ సుల్తాన్ బీ, అంతే. ఫర్జానా చీర మడత విప్పి భుజాన వేసుకుందంటే, ఊరికే తోడొచ్చినావిడ కూడా ధర అడగాల్సిందే. పక్కనే కాటన్ చీరల దగ్గర ఉంటాను కాబట్టి అన్నీ చూస్తుండేదాన్ని. ఆ మనిషికి జరిగింది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా ఓనరు శేషగిరిరావు గారు వీడియో కాల్ బేరాలు మొదలుపెట్టారు. హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో కస్టమర్లు ఫోన్ చేస్తే మేం చీరలు ఒక్కొక్కటే చూపించాలి. ఎవరి ఫోన్లలో? మా ఫోన్లలో. రీచార్జి మాదే, నెట్టూ మాదే. పైగా మేం చార్జింగ్ పెట్టుకుంటున్నామని గోడల మీద ప్లగ్గులన్నిటికీ టేపు వేయించారు.

"షాపు కరెంటు షాపుకే అమ్మా. ఇంటి దగ్గరే ఫుల్లుగా పెట్టుకుని రండి" అన్నారు.

అన్ని ఏసీలకీ అన్ని లైట్లకీ లేని బరువు మా ఫోన్లకొచ్చిందా! పోనీ పవర్ బ్యాంకు తెచ్చుకుందామంటే సంచులన్నీ కింద వాచ్‌మన్ దగ్గరే పెట్టి రావాలి.

ఫర్జానా గొడవపడే మనిషి కాదు. ఉన్న చార్జింగే సాయంత్రం దాకా ఎలా సరిపెట్టాలా అని చూసింది. స్క్రీన్ వెలుతురు తగ్గించింది. లొకేషన్, బ్లూటూత్ ఆపేసింది. వాడని యాప్‌లన్నీ తీసేసింది. రైల్లో పాటలు వినడం మానేసింది. బ్యాటరీ సేవర్ పెడితే వీడియో ఆగి ఆగి వస్తోందని కస్టమర్లు విసుక్కున్నారు, అదీ తీసేసింది. ఆఖరికి రేపల్లెలో ఫోన్లు బాగుచేసే ఫరూక్ దగ్గర కొత్త బ్యాటరీ కూడా వేయించుకుంది.

"అక్కా, ఇన్నేసి గంటలు వీడియో నడిపితే ఫోన్ పెనంలా కాలుద్ది. ఆ వేడికి కొత్త బ్యాటరీ అయినా పాడైపోద్ది" అని ఫరూక్ ముందే చెప్పాడట.

శ్రావణమాసంలో సుల్తాన్ బీకి బాపట్లలో కంటి ఆపరేషన్ అయింది. మర్నాడు ఇంటికి పంపించేటప్పుడు ఆస్పత్రివాళ్ళు ఫోన్ చేస్తామన్నారు. ఫర్జానా సెలవడిగితే, "సీజన్‌లో సెలవేంటి? ఫోన్ వచ్చాక వెళ్ళు" అన్నారు ఓనరు. అందుకని ఆ రోజు పొద్దుటి నుంచీ ఆమె ఫోన్ ముట్టుకోలేదు. మధ్యాహ్నానికి బెంగళూరు పెళ్ళివాళ్ళ కాల్ ఉందన్నారు.

"సార్, ఇవాళ నా ఫోన్ వద్దండి. అమ్మ కోసం ఉంచుకున్నానండి."

"కాసేపేనమ్మా. నీలా ఎవరూ చూపించలేరు."

ఆ కాసేపు ఎంతకీ తెమల్లేదు. పెళ్ళికూతురు, తల్లి, పిన్ని, ఒకరి తర్వాత ఒకరు. భోజనం కూడా లేదు. చివరికి ఫోన్ ఆరిపోయింది. ఆస్పత్రికి చేసుకోమని నా ఫోన్ ఇచ్చాను గానీ ఆస్పత్రి నంబరు తన ఫోన్లోనే ఉండిపోయింది. క్యాషియర్ దగ్గర చార్జర్ తెచ్చి, టేపు పీకి ఫోన్ పెట్టింది. ఓనరు గబగబా వచ్చి చార్జర్ లాగేశారు.

"రూలంటే రూలే. ఇవాళ నువ్వు పీకితే రేపు అందరూ పీకుతారు."

ఫర్జానా ఆయన మొహంలోకి ఒకసారి చూసి, మెట్లు దిగి స్టేషన్‌కి వెళ్ళిపోయింది.

బాపట్లలో ఆమె దిగేసరికి చీకటి పడుతోంది. మంచం వేరేవాళ్ళకిచ్చేశారట. సుల్తాన్ బీ కంటికి కట్టుతో, ఒళ్ళో గుడ్డసంచితో ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఎన్నిసార్లు ఫోన్ చేయించినా స్విచ్చాఫ్ అన్నారు బేటీ. నీకేమన్నా అయిందేమోనని హడలిపోయాను" అందట. ఆ మాట ఫర్జానా నాకు చెప్పింది. ఏడుపుతో కాదు, కోపంతో.

మర్నాడు ఓనరు అందరి ముందూ అడిగారు. "బేరం మధ్యలో వదిలేసిపోతావా? ఏదీ నీ ఫోన్?"

"కింద వాచ్‌మన్ దగ్గర పెట్టొచ్చానండి. అది నేను మా అమ్మ కోసం కొనుక్కున్న ఫోనండి. బేరాలకి షాపు ఫోన్ ఇవ్వండి, ఎన్ని చీరలైనా చూపిస్తాను."

"నాకే పాఠాలు చెబుతున్నావా? పైకెళ్ళి తువ్వాళ్ళు అమ్ముకో."

ఆ మర్నాడు నా ఫోనూ కిందే పెట్టాను. మిగతావాళ్ళూ పెట్టారు. కాల్స్ అన్నీ ఓనరు గారి ఫోన్‌కే వచ్చాయి. ఆయన పట్టుచీర తిరగేసి చూపిస్తుంటే అవతల నవ్వులు వినపడుతున్నాయి. మధ్యాహ్నానికి ఆయన ఫోనూ పడిపోయింది. మేమంతా చూస్తుండగానే ఆయనే వంగి, టేపు పీకి చార్జింగ్ పెట్టుకున్నారు.

వారం తిరక్కుండా షాపుకో కొత్త ఫోన్ వచ్చింది, చార్జర్‌తో సహా. మా ఫోన్లు మాకు మిగిలాయి. ఫర్జానాని మాత్రం కిందికి పిలవలేదు. అడిగితే "చూద్దాం" అంటారు. ఏం చూస్తారండి? ఆమె చేసిన తప్పేంటని?

మొన్న బెంగళూరు నుంచి ఆ పెళ్ళివాళ్ళే మళ్ళీ ఫోన్ చేశారు. షాపు ఫోన్ నా చేతిలో ఉంది.

"ఫర్జానా గారు లేరా? ఆవిడే చూపించాలి."

ఓనరు నా వెనకే నిలబడి, సెలవులో ఉందని చెప్పమన్నట్టు సైగ చేశారు.

"సెలవేం లేదండి," అన్నాను గట్టిగా. "మేడ మీద తువ్వాళ్ళు మడతపెడుతోంది. సార్ పిలిపిస్తారు, లైన్లో ఉండండి."