ముడి విప్పని కప్పు

సిరోంచ రేవులో పడవ దిగిన మనిషికి ఊరు కనబడకముందే ముత్తక్క గొంతు వినబడేది.

"తాగిపోండ్రి నాయనా! ఎండ నెత్తికెక్కింది, తాగినంక పోండ్రి!"

అంబలి కుండ ముందర పెట్టుకొని, ఒడిలో ఉల్లిగడ్డలు పోసుకొని కూర్చునేది. కాళేశ్వరం దర్శనం చేసుకుని వచ్చేవాళ్ళు, ప్రాణహిత మీద టేకు దుంగలు తేల్చుకుంటూ వచ్చే కూలీలు, కొత్తగా వెలిసిన సర్కారు కచేరీలో బంట్రోతులు, అందరూ ఆమెకు ఒకటే. దోసిలి పట్టినవాడికి పోసేది. కడుపు నిండిందా అని అడిగేది కాదు, మొహం చూసి తనే ఇంకొంచెం పోసేది. పొద్దున లేవగానే ఏటికవతల కాళేశ్వరంలోని ముక్తీశ్వరుడి దిక్కు తిరిగి ఒక దండం, ఆ పైన పొయ్యి, ఆ పైన జనం. మొగుడు చిన్న వయసులోనే పోయాడు. కొడుకు జంగు పడవ నడుపుతాడు. కోడలు రాజుబాయి తల్లి లేని పిల్ల. ముత్తక్కే ఆమెకు అత్త, ముత్తక్కే అమ్మ.

ఆ యేడు రాజుబాయికి నెలలు నిండాయి. ఇల్లంతా పండగలా ఉండాల్సిన వేళ ముత్తక్కకు ఇంటి కప్పే బెంగయి కూర్చుంది.

అంతకుముందు వేసవిలో బజారులో అగ్గి పడింది. ఒక చూరు నుంచి ఇంకో చూరుకు కోతిలా దూకుతూ ఒక వరస వరసంతా తినేసింది. దాని తర్వాత సర్కారు చాటింపు వేయించింది. బజారు చుట్టూ తెల్ల సున్నం పూసిన రాళ్ళు పాతించారు. ఆ రాళ్ళ లోపల గుంజల మీద గడ్డి కప్పు నిలబడకూడదు, గూన పెంకులే వేయాలి. చూరు దారి మీదికి రాకూడదు. కప్పు మరమ్మతుకు టేకు కొట్టాలంటే కచేరీలో అడగాలి. కాముని పున్నమి లోపల ఇదంతా అయిపోవాలి. ఎండలు ముదిరితే మళ్ళీ అగ్గి భయం.

ముత్తక్క ఈ కట్టడిని తప్పు పట్టలేదు. అగ్గి పడిన రోజు నీళ్ళ కుండలు అందించి అందించి ఆమె చేతులు బొబ్బలెక్కాయి. పెంకులు మంచివే అని ఆమెకూ తెలుసు. కానీ కడుపుతో ఉన్న మనిషి ఇంటి కప్పు విప్పకూడదు. అది ఆ ఊళ్ళో పెద్దలనాటి కట్టుబాటు. నెలలు నిండినాక ఆమె ఆ కప్పు వదిలి ఇంకో కప్పు కింద తల పెట్టనూ కూడదు. పోయినేడు గాలిదుమారానికి కప్పు నడినెత్తిన కొప్పు లేచిపోతే, ఇంకా మూడో నెలే కదా అని ఆ మేర గడ్డి విప్పి మళ్ళీ కప్పించారు. ఆ నెలలోనే రాజుబాయి కడుపు నిలవలేదు. దానికీ దీనికీ లంకె ఉందో లేదో ఆ దేవుడికే తెలియాలి. రాజుబాయి మాత్రం ఆనాటి నుంచి పడుకున్నప్పుడు కళ్ళు తెరిచి పైన ముడులన్నీ ఉన్నాయా అని చూసుకునేది.

బజారు కట్టడి చూసే విఠోబా జమేదారు చాందా నుంచి వచ్చిన మరాఠీ మనిషి. పెద్ద పాగా, చిన్న మొహం. కచేరీకి పోతూ వస్తూ ముత్తక్క దగ్గర అంబలి తాగేవాడు. ఆ చనువుతోనే ఆమె అడిగింది.

"జమేదార్ సాబ్, జర ఒక్క నెల ఆగరాదు? పిల్ల పురుడు కానీ."

"బాయీ, అగ్గికి నెలలు తెలుస్తయా?" అన్నాడతను. మాట గట్టిదే గానీ గొంతు మెత్తగానే ఉంది. "నీకు ఆగుమంటే పక్కింటోనికీ ఆగుమనాలె. ఒక్క గడ్డి కప్పు ఉన్నా బజారంత గడ్డి కప్పే. రేపు పున్నమి. నన్ను పరేషాన్ చెయ్యకు."

అతను చెప్పింది నిజం. ఆమె భయమూ నిజమే.

పక్క వీధి రాజలింగు ఈ మాట విన్నాడు. ఊళ్ళో సగం కప్పులు అతను కట్టినవే. నేల మీద కన్నా కప్పు మీద కూర్చున్నప్పుడే ఎక్కువ మాట్లాడే మనిషి. ముత్తక్క ఇంటికి వచ్చి, తల ఎత్తి కప్పును చూస్తూ, కాసేపు తనలో తాను నవ్వుకున్నాడు.

"ఎందుకురా ఆ నవ్వు? నా ఏడుపు నాకుంటే," అంది ముత్తక్క.

"అక్కా, ఈ కప్పు నేను యాడ కట్టిన్నో యాదికుందా?"

"వాకిట్ల, నేల మీద కట్టినవు."

"కట్టినంక?"

"పదిమంది ఎత్తి గుంజల మీద పెట్టిండ్రు."

"పెట్టినోళ్ళం ఎత్తలేమా? ఒక్క ముడి విప్పొద్దు. ఒక్క గడ్డిపోచ గుంజొద్దు. కప్పును కప్పు లెక్కనే లేపి, రాయి అవతల నీ చిక్కుడు మడిల పెడదాం. ఆడ గుంజలు నేను పాతుత. ఇక్కడ పెంకల ఇల్లు జంగు నిదానంగ కట్టుకుంటడు."

ముత్తక్క కప్పును చూసింది, కోడల్ని చూసింది. "మరి పిల్లో? పిల్ల నెత్తి మీద కప్పు పోయినట్టే గద!"

"ఎందుకు పోతది? కప్పు నడుస్తాంటే దాని కింద పిల్ల నడుస్తది."

మూలన కూర్చున్న రాజుబాయి కిసుక్కున నవ్వింది. ఎన్ని నెలల తర్వాతో ఆ ఇంట్లో ఆ చప్పుడు. ఆ నవ్వుతోనే ముత్తక్క ఒప్పుకుంది.

పున్నమి నాడు పొద్దున ముత్తక్క ఎవరినీ పిలవలేదు, పిలవాల్సిన పనే పడలేదు. ఆమె అంబలి తాగిన రేవు రేవంతా వచ్చి వాకిట్లో నిలబడింది. పడవలవాళ్ళు వచ్చారు, సాలెవాళ్ళు వచ్చారు. జిమల్‌గట్ట అడవి నుంచి సంతకు ఇప్పపువ్వు తెచ్చిన గోండులు గంపలు పక్కన పెట్టి, సంగతేమిటో సగం విని, భుజం మీద తువ్వాళ్ళు మడిచి పెట్టుకున్నారు. రాజలింగు చూరు కింద నుంచి పొడవాటి వెదురు బొంగులు అడ్డంగా కట్టి, వాటి కొసలు బయటికి వచ్చేలా పెట్టాడు. మోసేవాళ్ళంతా చూరుకు బయటే. లోపల నడుమ జాగా ఖాళీ. అక్కడ రాజుబాయి, పక్కన మంత్రసాని సత్తవ్వ, వెనక ముత్తక్క.

"ముక్తీశ్వరా, నీ మీద భారం!" అంది ముత్తక్క.

"ఆయన మీద కాదక్కా, మా భుజాల మీద!" అని ఎవరో అన్నారు. "హుప్!" అన్నాడు రాజలింగు. కప్పు లేచింది.

అది లేవడంతోనే లోపలి నుంచి ఏళ్ళనాటి సంసారం రాలడం మొదలైంది. పిచ్చుకలు బుర్రుమని పోయాయి. ఎప్పుడో పోయిందనుకున్న చెక్క తెడ్డు సత్తవ్వ వీపు మీద పడింది. ఒక దువ్వెన పడింది. జంగు చిన్నప్పుడు ఊడిన పాలపళ్ళు, కప్పు మీదికి విసిరినవి, టపటపా రాలాయి.

"ఒరే జంగూ, నీ పండ్లు! ఇన్ని పండ్లు నీ నోట్లెనే మొలిచినయారా?"

"మొసలి పండ్లు కలిసినట్టున్నయి!"

నవ్వుతుంటే బొంగులు ఊగాయి, బొంగులు ఊగుతుంటే కప్పంతా వణికింది. "నవ్వకుండ్రి, నవ్వితే భుజం జారుతది!" అని రాజలింగు అరిచాడు, అరుస్తూ తనే నవ్వాడు. అతను కప్పుకు ఎదురుగా మొహం పెట్టి, వెనక్కి అడుగులేస్తూ దారి చెబుతున్నాడు.

"ఎడమకు! ఎడమకు! నా ఎడమ కాదు, మీ ఎడమ!"

"నీ మొహం మా దిక్కున్నది, మా ఎడమ నీకెట్ల తెలుస్తది?"

"బఱ్ఱె ఉన్న దిక్కు ఎడమ!"

అంతలో ఆ బఱ్ఱె కుడి వైపుకు పోయింది. కప్పు కూడా దాని వెంట పోయింది. సందు మలుపులో దారి ఇరుకు, కప్పు వెడల్పు. చేతులెత్తి బొంగులు తలల పైకి లేపారు. కప్పు పక్కింటి కొత్త పెంకుల మీదుగా, ఒక్క పెంకుకూ తగలకుండా, మబ్బులా సాగిపోయింది. గోడవతల ముసలాయన ఒకాయన పళ్ళు తోముకుంటూ తల ఎత్తి, తన ఇంటి మీదుగా ఇల్లు పోవడం చూసి వేపపుల్ల మింగినంత పని చేశాడు.

లోపల రాజుబాయి నీడలో నెమ్మదిగా నడుస్తోంది. చుట్టూ ఎండ. ఆమె ఉన్న చోట మాత్రం తన ఇంటి చీకటి, తన ఇంటి పొగ వాసన. పైకి చూస్తే అవే ముడులు. "అత్తా, ఇల్లు నా వెంబడే వస్తాంది," అంది. ముత్తక్కకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి నవ్వువో ఏడుపువో ఆమెకే తెలియలేదు.

బజారు నడిమధ్యకు, సరిగ్గా కచేరీ ఎదుటికి వచ్చేసరికి రాజుబాయి ఆగిపోయింది. నడుము పట్టుకుని సత్తవ్వ మెడ మీద వాలింది.

"ఆగుండ్రి!" అంది సత్తవ్వ. "ఇగ నడవది. ఇక్కన్నే."

"ఇక్కన్నా?" అని ఇరవై గొంతులు ఒకేసారి అన్నాయి.

"మరి కాన్పు అడిగి వస్తదా?"

తెల్ల రాయి ఇంకా చాలా దూరం. కప్పును ఏ గోడ పక్కనో దింపుదామని వాళ్ళు చూస్తుండగా కచేరీ మెట్ల మీద నుంచి జమేదారు పరుగెత్తుకొచ్చాడు. ఒక చేత్తో పాగా, ఒక చేత్తో ధోవతి పట్టుకొని.

"అరె దేవా! దించొద్దు! కింద పెట్టొద్దు!"

"నొప్పులొచ్చినయి సాబ్!" అన్నాడు జంగు.

జమేదారు చూరు కిందికి వంగి చూడబోయి, సత్తవ్వ అరుపుకు టక్కున నిలబడి, కచేరీ వైపు చూశాడు, కప్పును చూశాడు, చెమట తుడుచుకున్నాడు. కట్టడి అంతా అతని నోటికి వచ్చు. లోలోపల దాన్ని మొదటి నుంచి చివరిదాకా తిరగేసుకున్నట్టు పెదవులు కదిలాయి.

"గుంజల మీద నిలబడ్డ గడ్డి ఇల్లు, బజారుల ఉండొద్దు," అన్నాడు నెమ్మదిగా. "భుజాల మీద ఉంటే అది ఇల్లు కాదు, బరువు. బరువులు రోజూ బజారుల పోతయి, వస్తయి, ఆగుతయి. భుజం మీద ఉన్నంత సేపు నాకు సంబంధం లేదు. కింద పెట్టిండ్రంటే నేను పీకేయాలె. మొయ్యుండ్రి!"

ఇక మోశారు.

ఆడవాళ్ళు చీరలు తెచ్చి చూరు చుట్టూ కట్టారు. మోసేవాళ్ళు బయటికి మొహం తిప్పి నిలబడ్డారు. లోపల ముత్తక్క కోడలి చెయ్యి పట్టుకుని వణుకుతుంటే సత్తవ్వ ఆమెను బయటికి నెట్టింది. "నీ వణుకుకు పిల్ల బెదురుతాంది. పోయి ఏదన్న పని చేస్కో!"

ముత్తక్కకు తెలిసిన పని ఒక్కటే. కుండ తెప్పించింది. చేతులు ఖాళీ లేని ఆ మనుషుల నోటికి తానే లోటా ఎత్తి అంబలి పోస్తూ చుట్టూ తిరిగింది. లోపలి నుంచి మూలుగు వినబడినప్పుడల్లా ఆమె చెయ్యి తప్పి అంబలి ఎవడి గడ్డం మీదో పోయేది. "పర్వలేదక్కా, గడ్డానికీ ఆకలే," అన్నాడొకడు. ఆమె వాడి గడ్డం తన కొంగుతో తుడిచింది.

భుజాలు మారాయి. ఒకడు తప్పుకుంటే అడగకుండానే ఇంకొకడు దూరాడు. పెంకులమ్మే కోమటి కొట్టు మూసి వచ్చి బొంగు పట్టాడు. గోండులు సన్నగా పాట అందుకున్నారు. ఆ పాట తాళానికి అందరి మోకాళ్ళూ కొద్దిగా వంగి లేస్తుంటే కప్పు ఉయ్యాలలా కదిలింది. "మంచిగున్నది, గట్లనే ఊపుండ్రి," అని లోపలి నుంచి రాజుబాయి గొంతు సన్నగా వచ్చింది. ఇక ఆపేదెవరు! ఇంతలో ఇందాకటి బఱ్ఱె తిరిగొచ్చి చూరు గడ్డి తినబోయింది. జమేదారు పాగా విప్పి దాన్ని అదిలిస్తూ కప్పు చుట్టూ పరుగెత్తాడు. అదే సమయంలో ఒక మూల కుంగింది. ముసలి పడవవాడి కాలు బెణికింది. ఎవరూ అందుకునే లోపల జమేదారే పాగా లేని తలతో ఆ బొంగు కిందికి దూరి భుజం పెట్టాడు.

"సాబ్, ఇప్పుడు ఇది మీ బరువు గూడ!" అన్నాడు రాజలింగు.

"మాట్లాడకు, మొయ్యి!" అన్నాడు జమేదారు పళ్ళు బిగించి.

అప్పుడే లోపలి నుంచి కేరుమన్న ఏడుపు.

"ఆడపిల్ల!" అని సత్తవ్వ అరిచింది. ఆపైన జనం ఆగలేదు. మోస్తున్న సంగతి మరిచి ఎగిరారు, వాళ్ళతో కప్పూ ఎగిరింది. "ఓరి మీ సంతోషం మండ! బాలింత మీద పడేస్తరా!" అని సత్తవ్వ తిడుతుంటే ఒకళ్ళనొకళ్ళు ఉష్ ఉష్ అనుకున్నారు. ఆ ఉష్‌లే మహా గోల అయ్యాయి.

కాసేపటికి ఒక మంచం వచ్చింది. తల్లినీ బిడ్డనూ మంచం మీద, మంచాన్ని నలుగురు ఆడవాళ్ళ చేతుల మీద, ఆ పైన కప్పును అందరి భుజాల మీద పెట్టుకుని ఊరేగింపు రాయి దాటింది. చిక్కుడు మడిలో రాజలింగు పాతిన గుంజల మీద కప్పు దిగింది. ముందు సరిగా కూర్చోలేదు. రాజలింగు ఎక్కి నాలుగు తన్నులు తంతే కూర్చుంది.

భుజాలు ఖాళీ అయినా ఎవరూ ఇంటికి పోలేదు. అందరూ కప్పు కిందికి చేరి తలలెత్తి చూస్తున్నారు. రాజలింగు ఒక్కో వాసం దగ్గర ఆగి, ఒక్కో ముడినీ వేలితో తడుముతూ తిరిగాడు. మంచం మీద నుంచి రాజుబాయి ఆ వేలి వెంటే చూపు తిప్పింది. ముత్తక్క ఆమె మొహాన్నే చూస్తూ నిలబడింది. చివరి మూల దాకా పోయి రాజలింగు వెనుదిరిగాడు.

"ఒక్కటి విడలేదక్కా."

రాజుబాయి కళ్ళు మూసుకుంది. ముడులు లెక్కచూసుకోకుండా నిద్రపోవడం ఆమెకు చాలా రోజుల తర్వాత ఇదే. ముత్తక్కకు పొద్దుటి నుంచి లోపల అదిమి పెట్టుకున్నదంతా నవ్వుగా తన్నుకొచ్చింది. గుంజ పట్టుకుని, నోట్లో కొంగు కుక్కుకుని, నేల మీద చతికిలబడి నవ్వింది.

"హళూ, హళూ! పిల్ల లేస్తది!" అని జమేదారు రెండు చేతులూ ఊపుతూ గుసగుసగా కసిరాడు. భుజం నొప్పికి మొహం వంకర పోతోంది, నవ్వు ఆగక కడుపు పట్టుకున్నాడు. అతన్ని చూసి మిగతావాళ్ళూ ఒక్కొక్కరే నోళ్ళు మూసుకుంటూ, ఒకరి మీద ఒకరు పడుతూ, ఆ చిక్కుడు మడి పాదుల మధ్య కూలబడ్డారు.