ముల్లు చెప్పిన కబురు

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన ఆ ఊరిని ఒక ముల్లుగానే చూస్తున్నాడు. కరెంటు కంట్రోల్ రూములో గోడకు పెద్ద మీటరు ఉంటుంది. ఊరు ఎంత కరెంటు వాడితే దాని ముల్లు అంత పైకి లేస్తుంది. అది లేచేలోపే ఆనకట్ట దగ్గరున్న పవర్‌హౌస్‌కు ఫోన్ చేసి మిషన్లు తిప్పించాలి. ఆలస్యమైతే ఊరంతా చీకటే. తోటివాళ్ళు ఆయన్ని ముల్లు మావయ్య అంటారు. ఇంట్లో భార్య మాత్రం, "నాకు సవతిపోరు తప్పిందనుకుంటే ఈ ముల్లొకటి దాపురించింది" అంటుంది.

ఆయన ఏనాడూ డాన్సు హాలు గడప తొక్కలేదు. కానీ శనివారం రాత్రి ఏ హాలు ఎప్పుడు మూస్తారో ఆయనకు తెలిసినంతగా వాటి యజమానులకు కూడా తెలియదు. ఫుట్‌బాల్‌లో ఎవరు ఎటు తంతారో తెలియదు గానీ, విరామం విజిల్ పడగానే లక్ష ఇళ్ళలో జనం లేచి టీకి కరెంటు కెటిల్ పెడతారని తెలుసు. అప్పుడు ముల్లు లేస్తుంటే, ఇన్నేళ్ళయినా, ఆయనకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఒకరికొకరు చెప్పుకోకుండా ఊరంతా ఒక్కసారి లేవడమేమిటి!

యుద్ధం మొదలై పదకొండు రోజులైంది. శత్రు విమానాలకు ఊరు కనబడకుండా, పొద్దుగూకితే లైట్లు వేయకూడదని ఆజ్ఞ. అందరూ దళసరి తెరల వెనక టీవీ వెలుగులోనే గడుపుతున్నారు. నిన్న శనివారమైనా డాన్సు హాళ్ళ వీధి మూగబోయింది. కిందనే కూలబడ్డ ముల్లును చూసి ఆయనకు దుఃఖం పొర్లుకొచ్చింది. అల్లుడు సరిహద్దులో ఉన్నాడు. పుట్టింటికి వచ్చిన కూతురు ఫోన్ పక్కనే పడుకుంటోంది.

ఈ ఆదివారం సాయంత్రం ఫుట్‌బాల్ ఫైనల్. అది కాగానే దేశాధ్యక్షుడు మాట్లాడతాడు. యుద్ధం ఆగిందనైనా చెప్పాలి, ముదిరిందనైనా చెప్పాలి. కంట్రోల్ రూములో టీవీ, రేడియో పెట్టకూడదు. పూర్వం ఎవడో గోలు చూస్తూ ముల్లును మరిచిపోయిన పుణ్యమది.

ఆట ముగిసే వేళకు ఆయన ఫోన్ తీశాడు.

"రెండో మిషనుతో పాటు మూడోది కూడా తిప్పి ఉంచండి సార్."

"మూడోదెందుకయ్యా?" పవర్‌హౌస్ ఇంజనీరు విసుక్కున్నాడు. "ఊళ్ళో లైట్లే వేయట్లేదు కదా!"

"యుద్ధం ఆగిందంటే వేస్తారు సార్. అందరూ ఒక్కసారే వేస్తారు."

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ వరస. ఆగకపోతే? అన్ని నీళ్ళు దండగ. రేపు సంజాయిషీ ఎవరిస్తారు?"

"నేనిస్తాను. సంతోషంగా స్విచ్చి వేసినవాళ్ళకి చీకటి చూపించలేను సార్."

ఫోన్ పెట్టేశాడు. తన చేత ఆ మాట అనిపించింది ముప్పై ఒక్క ఏళ్ళ అనుభవమో, అల్లుడి మీద ఆశో, ఆయనకే తెలియలేదు.

ఆట అయిపోయే టైము దాటింది. మామూలుగా అయితే ముల్లు లేవాలి. లేవలేదు. టీవీ ముందు నుంచి ఒక్కరూ కదల్లేదన్నమాట. ఒక నిమిషం గడిచింది. రెండు, మూడు. ముల్లు గోడకు కొట్టిన మేకులా ఉండిపోయింది. ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టడం ఆయన కళ్ళారా చూశాడు.

నాలుగో నిమిషంలో ముల్లు కదిలింది. ఆట విరామంలో చేరుకునే గీత దాటింది. పండగ రోజుల గీత కూడా దాటింది. ఆయన ఎన్నడూ చూడని ఎత్తుకు పోయి, ఎర్రగీత అంచున వణికి, మూడో మిషను అందుకోగానే నిలబడింది. ఊళ్ళో ఒక్క దీపం కూడా ఆరలేదు.

ఆ గదికి కిటికీ లేదు. అయినా ఆయనకు తెరలు లాగేసిన ప్రతి కిటికీ, మేడ మెట్లు, దుకాణాలు, హాళ్ళ వీధి, అన్నీ కనిపించాయి. "అమ్మో!" అన్నాడు పైకే. తెలియకుండానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

ఫోన్ మోగింది. కూతురు ఏడుస్తూనే నవ్వుతోంది.

"నాన్నా, విన్నావా?"

"ఇక్కడ వినడానికేముందమ్మా. వరండా లైటు వేశావా?"

"అన్నీ వేసేశాం నాన్నా. అమ్మయితే స్నానాల గది లైటు కూడా వేసింది."

"కనిపించిందమ్మా" అన్నాడాయన, ముల్లు మీంచి చూపు తిప్పకుండా.