టీ తెస్తానని వెళ్లింది నేను కాదు

దయ్యాల సంగతి తర్వాత. నేను దేవుణ్నే నమ్మను. ఇప్పటికీ నమ్మను. "చూశావా, చివరికి దారికొచ్చాడు" అనుకోవడానికి చదివేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

నమ్మకపోవడమే కాదు, మా మమ్మీ కొలిచే కర్మన్‌ఘాట్ గుడి హనుమంతుడంటే నాకు కుళ్లు. లేనివాడి మీద కుళ్లేంటని ఫ్రెండ్స్ నవ్వేవాళ్లు. మా ఇంట్లో ఉంటే తెలిసేది. మా మమ్మీ కుట్టుమిషన్ మోటార్ ఆగిపోతే రోజంతా కూర్చుని విప్పి బాగుచేసింది నేను. అది తిరగగానే ఆమె దండం పెట్టింది గోడమీది ఫొటోకి. ట్యాంకర్ దగ్గర కొట్లాడి నీళ్లు పట్టుకొస్తే స్వామి దయ. నేను ఇంటర్ పాసైతే స్వామి దయ. ఒక సబ్జెక్టు పోయినప్పుడు మాత్రం నా ఫోన్ వల్ల.

నేను అనేది ఒకటే. లోకంలో ఏది జరిగినా చేసేది మనిషి. తప్పయితే మోయాల్సింది వాడే, మంచయితే పేరు రావాల్సిందీ వాడికే.

నాకూ మమ్మీకీ ఇంకో గొడవ కూడా ఉండేది. మాది నల్గొండ దగ్గర పల్లె. కానీ నేను పెరిగిందంతా ఇక్కడే సిటీలో, ఇంగ్లీష్ మీడియంలో. చిన్నప్పటి నుంచి మమ్మీ అనే అలవాటు. "ఎవలో స్కూల్ మేడంను పిలిచినట్లుంటదిరా. అమ్మా అను" అనేది. నాకు నోరు తిరిగేది కాదు.

తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులు. ఆ రోజు బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు. ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. నిరసనగా రోడ్డుమీదే వండి, అక్కడే అందరూ కూర్చుని తినడం. పొద్దున నేను బయల్దేరుతుంటే మమ్మీకి కొంచెం ఆయాసంగా ఉంది. ఆమెకు ఆస్తమా. అయినా ఫొటో ముందు నిలబడి, రాష్ట్రం వస్తే గుడి చుట్టూ నూటెనిమిది ప్రదక్షిణలు చేస్తానని మొక్కుతోంది. నాకు మండింది.

"ఎండల కూసునేది మేము. గా పేరు గూడ ఆయనకేనా?"

"గాయనతోని పోటీ ఏందిరా నీకు?" అని నవ్వింది. నవ్వుతుంటే దగ్గొచ్చింది. నేను చెప్పులేసుకుని వెళ్లిపోయాను.

మధ్యాహ్నమంతా చౌరస్తాలోనే ఉన్నాను. సాంబారు గిన్నె దగ్గర గరిటె పట్టుకుని ఫొటోలు దిగాను. తీసింది మా కాలేజీ శ్రీకాంత్, నా ఫోన్‌తోనే. జనం ఎక్కువై ఫోన్లు కలవడం లేదు. ఇవన్నీ చెప్పడం ఎందుకంటే, నేను అక్కడే ఉన్నాననడానికి నా దగ్గర ఉన్నది ఇదే.

సాయంత్రం నడుచుకుంటూ ఇంటికొచ్చాను. మేము పై పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్లం. కింద ఓనర్ ఆంటీ. గుంటూరువాళ్లు. నేను గేటు తీయగానే బయటికొచ్చింది.

"అదేంటి బాబూ, అమ్మను ఒక్కదాన్నే ఆస్పత్రిలో వదిలేసి వచ్చేశావ్?"

"ఏ ఆస్పత్రి ఆంటీ?"

"మీ వంటావార్పులో ఏం కలిపి పెట్టారేంటి?" అని నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది.

ఆమె చెప్పింది ఇదీ. మధ్యాహ్నం మమ్మీకి ఊపిరాడలేదు. ఆంటీ నాకు ఫోన్ చేస్తే కలవలేదు. ఏం చేయాలో తోచక నిలబడి ఉంటే నేనే గేటు తీసుకుని వచ్చానట. ఆంటీ వైపు చూడనైనా చూడకుండా పైకెళ్లి, మమ్మీని వీపుమీద వేసుకుని దిగి, సాగర్ రోడ్డు వైపు వెళ్లిపోయానట.

ఆ రోడ్డుమీది చిన్న దవాఖానకు పరుగెత్తాను. మమ్మీ మంచంమీద ఉంది. నన్ను చూసి ముక్కుమీది మాస్క్ పక్కకు జరిపింది.

"టీ తెస్తనని పోయి గింతసేపా? తోట పెట్టి ఆకు తెంపుకొచ్చినవారా?"

నా చేతిలో ఫోన్ తప్ప ఏమీ లేదు.

అక్కడి నర్సును నేను ఎప్పుడూ చూడలేదు. ఆమె మాత్రం తెలిసినట్టే నవ్వింది. "మీరు మోసుకొచ్చిండ్రు కాబట్టి బతికింది. ఇంక జర లేటైతే కష్టమే ఉండె" అంది.

నేను కాదని చెప్పబోయాను. ఫొటోలు చూపిద్దామని ఫోన్ తెరిచాను. అంతలో మమ్మీ నా చెయ్యి పట్టుకుంది.

"ఈపారి స్వామి కాదురా. నా కొడుకే బతికిచ్చిండు."

ఆ మాట కోసం ఎన్నేళ్లు ఎదురుచూశానో నాకే తెలుసు. ఫోన్ జేబులో పెట్టేశాను.

ఆంటీకి మాత్రం తర్వాత ఫొటోలు చూపించాను. "స్వామే నీ రూపంలో వచ్చాడేమో బాబూ" అంటూ చెంపలేసుకుంది. ఆమె మీద అరిచేశాను. ఇది మమ్మీ చెవిన పడితే ఉన్న ఒక్క పేరూ మళ్లీ ఆ ఫొటోకే పోతుంది. చెప్పొద్దని ఒట్టేయించుకున్నాను. దేనిమీద ఒట్టేయించుకున్నానో అడక్కండి.

మమ్మీ ఇంటికొచ్చాక ఒకరోజు మిషన్ కుడుతూ తనలో తనే నవ్వుకుంది. "దారి పొడుగూత ఎంత మంచిగ పిలిచినవ్‌రా. అమ్మా, కండ్లు మూయకు. అమ్మా, ఒచ్చేసినం అని."

ఫోన్ తీసి ఆ రోజు ఫొటోలు మళ్లీ ఒక్కొక్కటే చూసుకున్నాను.

నా పోలికలున్న వాడెవడో అయ్యుంటాడన్నాడు శ్రీకాంత్. ఆంటీ పొరబడిందనుకుందాం, నర్సు పొరబడిందనుకుందాం. కన్నతల్లి, అంతసేపు వాడి మెడ పట్టుకుని పోయిన మనిషి, పొరబడుతుందా? ఆయాసంలో పొరబడిందనే అనుకున్నా, ఎవడో ఒకడు మోశాడు కదా. వాడు పేరెందుకు చెప్పుకోలేదు? ఆ దారంతా అడిగాను. బంద్ కదా, షాపులన్నీ మూసే ఉన్నాయట. చూసినవాళ్లు లేరు.

తర్వాత రాష్ట్రం వచ్చింది. మమ్మీ గుడికెళ్లి ప్రదక్షిణలన్నీ పూర్తిచేసి ఆ పేరు స్వామికి ఇచ్చేసింది. ఆ రోజుది మాత్రం నాకే ఉంచింది. ఇంటికి ఎవరొచ్చినా చెప్తుంది. చెప్పినప్పుడల్లా నేను లోపల ఉడికిపోతాను. గోడమీది ఫొటోను చూసి కాదు. మా మమ్మీని మోసుకెళ్లిన వాణ్ని తలుచుకుని. వాడెవడో నాకు ఇప్పటికీ తెలియదు.

అప్పుడప్పుడు అడుగుతుంది. "గా రోజు పిలిచినట్ల ఒక్కపారి పిలువరాదురా."

రెండక్షరాలు. నోటిదాకా వస్తుంది. కానీ అది వాడి మాట.

"టీ పెట్టనా మమ్మీ?" అంటాను, లేచి వంటింట్లోకి వెళ్లిపోతాను.