చాచా చూడమన్న లోపలి బస్తా

ఈ ఉదయం ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, "మేడమ్, పేజీ మంచిగనే వచ్చింది గదా, మళ్లెందుకు తెరుస్తున్నరు?" అని అడిగింది. నవ్వొచ్చింది. ఏ వెబ్ పేజీనైనా రెండుసార్లు తెరిచి చూసే ఈ జబ్బు నాకు ఆర్మూర్ పసుపు మార్కెట్లో అంటుకుంది. అంటించింది బస్తాల మూతులు కుట్టే చాచా.

ఏ ఊరి రైతులు ఏ రోజు పసుపు తేవాలో చెప్పే పేజీని చూసుకోవడం అప్పట్లో నా పని. మా సర్వర్ నత్తకు మేనమామ. అందుకని దాని ముందు ఒక ప్రాక్సీ సర్వర్‌ను కూర్చోబెట్టాను. అది ఒకసారి వచ్చిన పేజీని దాచుకుని, అడిగినవాళ్లందరికీ అదే ఇస్తుంది. పేజీ వెంట హెడర్లని నాలుగు వరుసలు వస్తాయి: ఇది ఎప్పటిది, ఎంతసేపు చెల్లుతుంది అని. అవి లేకపోతే ప్రాక్సీకి నిన్నా తెలియదు, నేడూ తెలియదు, పాత పేజీనే ఇస్తూ పోతుంది. సరిగ్గా అదే జరిగింది. భీమ్‌గల్ నుంచి ఒక పెద్దమ్మ పాత జాబితా చూసి, తన వంతు కాని రోజున ట్రాక్టర్ నిండా పసుపుతో దిగింది. పైన చూస్తే మబ్బు. "నీ పేజీ జూసే వచ్చిన బిడ్డా! గిది తడిస్తే నా ఏడాది కష్టం గంగల గలుస్తది," అంది. నాకు తల కొట్టేసినట్టయింది. చాచా ఆ బస్తాలను షెడ్డు కిందికి చేర్పించాడు. సాయంత్రంలోగా బాగుపడకపోతే పేజీ మూసెయ్యమన్నాడు మా సారు.

నేనేమో ప్రాక్సీని ఖాళీ చేయడం, పేజీ తెరవడం, హెడర్లన్నీ నిక్షేపంగా కనిపించడం! మళ్లీ ఖాళీ చేయడం, మళ్లీ తెరవడం. చాయ్ తెచ్చిన చాచాకు ఏడుపు గొంతుతో చెప్పుకున్నాను. ఆయన సాంతం విని, "జర ఆగు బిడ్డా. కొత్తగ వచ్చేటి బస్తాకు తారీఖు చీటీ ఉండనే ఉంటది. గోదాంల పెట్టినదాన్ని గుంజి జూసినవా? వరుస మంచిగ కూసుంటలేదని మా హమాలీలు చీటీలు పీకేస్తరు," అన్నాడు. నిజమే, ఖాళీ చేసినప్పుడల్లా నేను చూస్తున్నది సర్వర్ నుంచి కొత్తగా వచ్చిన పేజీనే. ఈసారి ఖాళీ చేయకుండా రెండోసారి తెరిచాను. దాచిన ప్రతి వచ్చింది, హెడర్లు మాయం! పీకిన హమాలీ ఎవరో కాదు, నేనే. జాగా కలిసొస్తుందని, దాచేముందు హెడర్లు తీసెయ్యమని ప్రాక్సీకి ఎప్పుడో రాసి పెట్టి మరిచిపోయాను. అది కొట్టేసి, పాత ప్రతిని పారేసి, రెండుసార్లు తెరిచి చూశాను. రెండుసార్లూ హెడర్లు ఉన్నాయి. సిగ్గుపడుతూ చాచాకు చెబితే, "ఫికర్ జెయ్యకు, పని జేసేటోళ్లకే తప్పులయితయి," అన్నాడు. పెద్దమ్మ ఫోన్లో ఆమె వంతు ఎల్లుండి అని కనిపించింది. అప్పటికి వాన మొదలైంది, ఆమె పసుపు మాత్రం పొడిగా ఉంది.

చాచా ఇప్పుడు లేడు. ఆ రోజు ఆయనకు చేతులెత్తి దండం పెట్టవలసింది, చాయ్ తాగి గ్లాసు ఇచ్చేశాను. లోపలి బస్తా గుంజి చూడమని ఆయన చెప్పి ఎన్నేళ్లయిందో చెప్పే చీటీ నా దగ్గర లేదు. అయినా ఆ మాట ఇంకా చెల్లుతోంది.