సారు పీకించిన మైదాకు చెట్టు

మా గౌలిపుర గల్లీల భాస్కరరావు సారంటే ఎవ్వలైనా చెప్తరు. కోస్తా నుంచి కొలువుకొచ్చి, రిటైరై, ఇంటి ముంగటి అర్రల ఇంగ్లీషు క్లాసులు పెట్టిండు. ఇంగ్లీషు మస్తుగ వస్తది, కాదనను. వచ్చేది గదొక్కటే.

పోయిన ఆషాఢంల బోర్డు మీద 'గ్రీన్ అప్' అని రాసి, మా ఇంట్లకు సుత వినబడేటట్టు అర్థం చెప్పిండు. జాగను పచ్చగ చేసుడు ఒకటంట, బోసిపోయిన చెట్టు మళ్ల చిగురువెట్టుడు ఇంకోటంట. 'వాన పడితే చెట్లు గ్రీన్ అప్ అవుతాయి' అని పిల్లలతోని మళ్ల మళ్ల అనిపిచ్చిండు. అంతటితోని ఊకున్నడా? గల్లీని గ్రీన్ అప్ చేస్తనని లొల్లి వెట్టిండు. పెద్ద పెద్ద కుండీలు తెప్పిచ్చి, ఫోటోల మంచిగ పడాలని గేటు పక్క జాగ సాపు చేపిచ్చిండు.

ఆ జాగల ఆయన భార్య కామేశ్వరమ్మ వదినె పెట్టుకున్న మైదాకు చెట్టుండె. వాళ్లు గోరింటాకు అంటరు. వాళ్లమ్మ పెంచిన చెట్టు నుంచి తెచ్చుకున్న కొమ్మ అది, ఆ అమ్మ ఇప్పుడు లేదు. ఆషాఢమొస్తె గల్లీ ఆడోళ్లమంత ఆకు దూసుకపోతం, ఉత్త పుల్లలు మిగులుతయి. నాలుగు వానలు పడంగనె మళ్ల గుబురైతది. ఏటా గిదే కథ. సారుకు ఆ పుల్లలు కనబడ్డయి. 'ఎండిపోయింది, పీకేయ్' అన్నడు పనోనితోని.

ఎండిపోయిందంట! ఇన్నేండ్ల సంది పెండ్లాం ఎర్రటి చేతులతోని వడ్డిస్తె తిన్న మనిషి, ఆ ఎరుపు ఎక్కడిదని ఒక్కసారన్న అడగలె.

నేను ఊకోలె. 'ఏంది సారూ గిట్ల చేస్తిరి? బోసిపోయిన చెట్టు మళ్ల చిగురువెడతదని మొన్న బోర్డు కాడ చెప్పింది మీరే గద!' అన్న.

'అయ్యో, ముందే చెబితే ఆగేవాణ్ణి కదండీ. నర్సరీలో బోలెడు దొరుకుతాయి, ఇంకోటి కొనిద్దాం' అన్నడు నవ్వుకుంట. సిగ్గులేనోడు! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

వదినె చెత్త కుప్పల చెయ్యివెట్టి, పచ్చి బతికున్న కొమ్మ ఒకటి ఏరుకొని మా పెరట్లకొచ్చింది. తనే మట్టి తవ్వి పాతి, చెంబెడు నీళ్లు పోసింది.

'మీ ఇంట్లనే పెట్టుకోరాదు వదినె? ఈసారి నేను కాపలుంట' అన్న.

చేతుల మట్టి దులుపుకుంట తల అడ్డంగ ఊపింది. 'వద్దు వదినగారూ. ఇక్కడైతే ఎవరో ఒకరు దీన్ని గుర్తుపడతారు.'