నాణెం మీది టోకెన్

ఆ వెండి నాణెం చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. మా బొగ్గుబాయికి యాభై ఏళ్లు నిండాయని రిటైరైన కార్మికులందరికీ ఇచ్చారు దాన్ని. కాలనీ బడిలో డ్రాయింగ్ సారును కాబట్టి దాని మీద బొమ్మ గీసే పని నాకు అప్పజెప్పారు. ముప్ఫై ఏళ్లు బాయి దిగిన మా బాపు పక్కన కూర్చుని ఏం గీయాలో చెప్పాడు.

"ఏమన్న గియ్యి గానీ, టోకెన్ మాత్రం మరువకు కొడుకా."

టోకెన్ అంటే మనిషి నంబరు కొట్టిన ఇత్తడి ముక్క. షిఫ్టుకు వచ్చినవాడు దాన్ని లాంపురూములో ఇచ్చి, తలకు పెట్టుకునే దీపం తీసుకుని దిగుతాడు. పైకొచ్చి దీపం అప్పజెప్పాకే టోకెన్ చేతికొస్తుంది. లాంపురూము గోడ మేకుకు టోకెన్ వేలాడుతోందంటే మనిషింకా కిందే ఉన్నట్టు. బాయిలో పైకప్పు కూలిన రోజు బాపు తమ్ముడు, మా కాక, ముందే ఇంటికి పోయాడనుకున్నారట. మేకుకున్న టోకెన్ చూసి బాపు లొల్లి పెడితేనే మళ్లీ తవ్వారు. అట్లా శవమైనా ఇంటికి చేరింది.

అందుకే గోడ, మేకు, ఒక్క టోకెన్ గీశాను. అంతే.

ఉత్సవాల కమిటీకి నచ్చలేదు. మనిషి లేని బొమ్మేమిటన్నారు. మీసాలు, నవ్వు మొహం, తల మీద వెలిగే దీపం, వెనక బొగ్గు గోడ అన్నీ పెట్టారు. అక్కడితో ఆగారా? టోకెన్ తెచ్చి ఆ మనిషి మెడలో వేలాడదీశారు! బాయి లోపల, మెడలో టోకెన్! కమిటీలో ఒక్కరంటే ఒక్కరివీ బాయి దిగిన మొహాలు కావు.

"గట్ల ఉండది సార్, టోకెన్ పైననే ఉంటది," అన్నాను.

"బొమ్మ మంచిగుంది కద సార్, గివన్నీ ఎవలు చూస్తరు?" అని కమిటీ పెద్దసారు నవ్వాడు.

సభలో బాపును స్టేజీ మీదికి పిలిచి, శాలువా కప్పి, నాణెం చేతిలో పెట్టారు. ఆయన కిందికి దిగొచ్చి నా పక్కన కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకుని దాన్ని చూశాడు. మొహం మాడిపోయింది.

"టోకెన్ మెడల్నే ఉంటే, గీడు కిందున్నడని పైనోళ్లకు ఎట్ల తెలుస్తదిరా? మీ కాకను ఎవడు తవ్వి తీసేటోడు?"

"నేను మంచిగనే గీసిన బాపూ. వాళ్లే మార్చిండ్రు."

"మార్చేటప్పుడు నువ్వేడున్నవ్?"

అక్కడే ఉన్నాను. పెద్దసారు నవ్వితే నేనూ పళ్లికిలించాను. మార్చిన బొమ్మ కింద సంతకం పెట్టమంటే పెట్టాను. బాయి దిగని మొహాలని ఎవరిని తిడుతున్నాను నేను? కాక శవాన్ని చూసినవాణ్ని, అన్నీ తెలిసినవాణ్ని, ఒక్క మాట అని ఊరుకున్నాను.

బాపు జవాబు కోసం నా మొహంలోకే చూస్తున్నాడు.

"ఛాయ్ తెస్త బాపూ," అని లేచిపోయాను, సిగ్గులేనివాణ్ని.